బోధిసిరి అతిథులు

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు సీమను చూచినవారు దానిని మఱచిపోజాలరు. నల్లరేగడి చేలలో ప్రత్తితీత ముగియుచుండును. కళ్లములందు ఎఱ్ఱని జంపఖానములు పఱచినట్లు మిరపకాయలు ఎండుచుండును. గాలి వీచినపుడు దారిన పోవు బండిలోని వారికి సహితము తుమ్ములు తప్పవు. ఇట్టి దినములలో మేము సకుటుంబముగా గుంటూరునుండి నాగార్జునకొండకు ప్రయాణమైతిమి. మాతోపాటు ఒక అతిథి యుండెను. విద్యార్థుల పరస్పర వినిమయ పద్ధతిని జర్మనీ దేశమునుండి వచ్చి, నాలుగు మాసములుగా మాయింట నుండి చదువుకొనుచున్న 17 ఏండ్ల బాలిక యామె.

ఈ పద్ధతి కొందఱు సోదరీమణులకు క్రొత్తగా తోచవచ్చును. 1932లో డొనాల్డు వాట్ అను అమెరికా దేశస్థుడు కొందఱు యువకులను ఐరోపాకు తోడ్కొనిపోయి అచ్చటి యువకులతో కలిసి నివసింపజేసెను. తరువాత ఆయన స్థాపించిన సంస్థ, పరదేశపు పిల్లలను గృహస్థుల యిండ్లలోనే యుంచు ఆచారమును వ్యాపింపజేసెను. మహాయుద్ధములలో క్షతగాత్రులను మోసిన అమెరికను ఫీల్డు సర్వీసు సేవకులు 1947 మొదలు పాఠశాలల పిల్లలను దేశమునుండి దేశమునకు పంపుట కారంభించిరి. ఒకరి యింట నొకరు అన్నము తిని పెరిగిన పిల్లలు రేపు ఒకరిపై నొకరు తుపాకి యెత్తుటకు జంకుదురని వారి యాశ.

ఆశ గొప్పదియే గాని, యిల్లాలికి మాత్రమది వేఱువిధముగా కనబడును. ఆ బాలిక వచ్చుటకు ముందు మా అత్తగారు, "పరాయిదేశపు ఆడపిల్లను ఇంట్లో ఉంచుకుని, ఏదైనా జబ్బు చేస్తే దాని తల్లికేమి జవాబు చెప్పుదుమే?" అని యెంతయో దిగులుపడిరి. పిల్ల వచ్చిన వారమునకే ఆ దిగులు తీరెను. చారులో మిరియములు మాత్రమే వేయించి, పచ్చడి గిన్నెను దూరముగా జరిపి, తామే ప్రక్కన కూర్చుండి తినిపించిరి. కాని యిపుడు వేఱొక చిక్కు వచ్చెను. ఆ బాలిక తల్లిదండ్రులు, వచ్చు సంవత్సరము మా పెద్దమ్మాయిని తమ యింటికి పంపుడని వ్రాసిరి. "ఒకరి పిల్లను తెచ్చుకున్నాము, బాగున్నది. మన పిల్లను పంపడమా?" అని అత్తగారు మౌనము వహించిరి. ప్రయాణమునాటికి ఆ మాట తేలలేదు.

సత్తెనపల్లి దాటి, సున్నపుబట్టీల పిడుగురాళ్ల మీదుగా, గురజాల త్రోవను మాచెర్ల చేరితిమి. నేల మాఱిపోయెను, రేగడి తగ్గి రాయి పెరిగెను. ఇది పల్నాటి వీరుల గడ్డ. మాచెర్ల చెన్నకేశవుని సేవించి, గుడి నీడను కూర్చుండి చలిది విప్పితిమి. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టించిన చాపకూటి కథను పిల్లలు మా అతిథికి చెప్పిరి. ఆమె పులిహోరలోని ఎండుమిరపకాయను ఏరి ప్రక్కన పెట్టుట చూచి మేము నవ్వితిమి. నిజమునకు మిరప మాత్రము మనదా? 16వ శతాబ్దమున పోర్చుగీసువారి వెంట అమెరికా ఖండమునుండి వచ్చిన అతిథియే యది. మిరప యను పేరులో మిరియపు జాడ నేటికిని ఉన్నది. మనవారు దానికి తమ పొలమున చోటిచ్చిరి. అది మన సీమకు పేరు తెచ్చినది. 2010లో గుంటూరు సన్నము భౌగోళిక గుర్తింపును సైతము పొందెను.

మాచెర్లనుండి విజయపురి సౌత్ చేరి లాంచి ఎక్కితిమి. నాలుగు ప్రక్కల కృష్ణమ్మ నీరే. మా పడవ క్రింద ఒక నగరమున్నదని చెప్పినపుడు ఆ బాలిక నీటివంక తేరిపాఱ చూచెను. మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి ఇచ్చటనే వెలసెను. 1926లో ఈ శిథిలములు వెలుగులోనికి వచ్చినవి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. లోయ మునుగక మునుపే పండితులు త్రవ్వి తీయగలిగినదంతయు తీసిరి. కొన్ని కట్టడములను కొండమీదికిని, అనుపునకును చేర్చి మరల నిలిపిరి. లోయలోని పల్లెలవారు ఊళ్లు విడిచిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. గుంటూరు, ప్రకాశము సీమలందు మేము చూచివచ్చిన ప్రత్తిచేలు, మిరపచేలు ఎన్నియో ఆ కుడికాలువ నీటితో తడియుచున్నవే.

ఆ మునిగిన లోయలోనే బోధిసిరి యను గృహిణి కథ యున్నది. ఆమె రాణి కాదు. ఒక గృహస్థుని యింటి ఆడపడుచు, ఉపాసిక. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరమున చుళ్లధమ్మగిరియందు సింహళదేశపు ఆచార్యుల కొఱకు ఆమె ఒక చైత్యగృహమును కట్టించెను. ఆ ఆచార్యుల సంప్రదాయము కాశ్మీరము, గాంధారము, చీన, వంగము, యవన, ద్రవిడ దేశములను, తామ్రపర్ణి ద్వీపమును ప్రసన్నము గావించినదని ఆమె శాసనము పేర్కొనుచున్నది. సింహళ విహారమున బోధివృక్షమునకు ఆలయమును, పూర్వశైలమున చెఱువును, ఘంటసాలలో రాతి మండపమును ఆమె చేయించెను. ఒకచోట మూడు గదులు, వేఱొకచోట ఏడు గదులు కట్టించెను. భర్తను, తల్లిదండ్రులను, అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, వారి బిడ్డలను కూడ తన పుణ్యమున భాగస్వాములను చేసినది.

ఇది విని అత్తగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "గదులు కట్టించిందా?" అని యడిగిరి. ఔనంటిమి. "అదీ ఆడదాని తెలివి! ఆ సింహళపు పిల్లవాండ్రకు మాత్రం తల్లులు లేరా? సముద్రం దాటించి ఎట్లా పంపారో అనుకున్నాను. ఇక్కడ ఇటువంటి తల్లి ఒకతె ఉన్నదని విని ఉంటారు, పంపారు" అనిరి. భిక్షువులందఱు పిల్లవాండ్రు కారని చెప్పబోయి ఊరకుంటిమి. ఆమె చెప్పిన మాటలో సారమున్నది.

దీవిమీది వస్తుప్రదర్శనశాలలో శిల్పములను చూచి, తిరుగు పడవ ఎక్కితిమి. అత్తగారు ఆ బాలికను ప్రక్కకు పిలిచి, "ఏమమ్మా, నీవు వస్తుంటే మీ అమ్మ ఏడ్చిందా?" అని యడిగిరి.

"ఏడ్చింది, మామ్మగారూ. ఇప్పుడు ఏడవడం లేదు. ఉత్తరాలలో అన్నీ మీ సంగతులే అడుగుతుంది."

"మీ ఇంట కారం వండరు గదా, మా పిల్ల ఏమి తింటుంది?"

"మీరు ఒక సీసా కారప్పొడి పంపండి. మా అమ్మకు నేను చారు నేర్పుతాను" అని ఆ బాలిక మన తెలుగులోనే బదులు చెప్పెను.

అత్తగారు మరేమియు అనలేదు. ఇల్లు చేరిన మఱునాటి ఉదయమున సంతనుండి మిరపకాయలు తెప్పించి, తొడిమలు తీయుటకు కూర్చుండిరి. పెద్దమ్మాయి ప్రయాణము స్థిరపడినదని మాకు తెలిసిపోయెను.

సోదరీమణులారా! దేశములకు మైత్రి కలుగవలెనని సభలలో ఉపన్యాసములు పెక్కు వినుచున్నాము. ఒప్పందములపై సంతకములు చేయువారు చేయుదురు గాక. పరదేశపు బిడ్డకు ఒక గది, ఒక కంచము, జ్వరము వచ్చినపుడు నుదుట ఒక చేయి ఇచ్చుట మాత్రము గృహిణి చేతిలోనిదే. మన బిడ్డకును అట్టి చేయి అచ్చట నొకటి యున్నదని నమ్మి పంపుట అంతకంటె కష్టమైనది. విజయపురి రాజభవనములు నీట మునిగినవి. గదులు కట్టించిన ఇల్లాలి పేరు నేటికిని చదువుకొనుచున్నాము.