చవక పెట్రోలు ఊళ్లో కరెంటు బండి

లెక్క చూసుకునేవాడు పుదుచ్చేరిలో కరెంటు స్కూటర్ కొనడు. ఇక్కడ పెట్రోలు చవక. 2022 మే తరవాత చాలాకాలం చెన్నైలో లీటరు 102 రూపాయలు దాటి ఉంటే మా బంకుల్లో 96 దగ్గరే ఉండేది. కడలూరు, విల్లుపురం, తిండివనం నుంచి పని మీద వచ్చినవాళ్లు ట్యాంకు నింపుకోకుండా ఊరు దాటరు. నేను పుట్టిన యానాంలోనూ ఇదే తంతు. పన్ను తేడా వల్ల గోదావరి జిల్లాల బళ్లు మా బంకుల ముందు బారులు తీరేవి. అలాంటి ఊళ్లో పెరిగి, బదిలీ మీద మళ్లీ అలాంటి ఊరికే వచ్చినవాణ్ణి పెట్రోలు మీద విసుగుతో కరెంటు బండి కొన్నానంటే ఎవరూ నమ్మరు. కొన్నది పికప్ కోసం.

2023 మే నెలాఖరులో షోరూం కిటకిటలాడుతోంది. అప్పటిదాకా కేంద్రం బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో యూనిట్‌కి 15,000 రూపాయల చొప్పున, బండి ధరలో 40 శాతం మించకుండా సబ్సిడీ ఇచ్చేది. జూన్ 1 నుంచి అది యూనిట్‌కి 10,000కి, ధరలో 15 శాతానికి దిగబోతోంది. అందుకే ఆ తొక్కిసలాట. సేల్స్ కుర్రాడు నన్ను ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లి, అన్నిటికన్నా పై మోడ్ పెట్టి, "తిప్పండి సార్" అన్నాడు. తిప్పాను. సున్నా నుంచి నలభైకి మూడున్నర సెకన్ల లోపే. పెట్రోలు ఇంజను ఊపందుకోవాలంటే కాస్త గుక్క తిప్పుకోవాలి. మోటారుకి ఆ పని లేదు, కదలక ముందే దాని బలమంతా చేతిలో ఉంటుంది. వెనక కూర్చున్న మా ఆవిడ నా చొక్కా గట్టిగా పట్టుకుని, బండి ఆగాక ఒక్కటే అడిగింది: "ఏవండీ, మనం ఇంత తొందరగా ఎక్కడికెళ్లాలి?"

ఆ ప్రశ్నకి ఈ ఊళ్లో నిజంగానే సమాధానం లేదు. బులివార్డుల మధ్య ఉన్న పాత పట్నాన్ని తీరిగ్గా నడిచే చుట్టిరావచ్చు. నెహ్రూ వీధి, మిషన్ వీధుల్లో అడుగడుక్కీ జనం. ఆదివారం గాంధీ వీధి అంతా సంత, బండి దిగి తోసుకుంటూ పోవాల్సిందే. సాయంత్రం ఆరయితే బీచ్ రోడ్డులోకి బళ్లని రానివ్వరు. శని, ఆదివారాల్లో చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ వచ్చి అద్దె స్కూటర్లు తీసుకున్న పిల్లలు ఎటు తిరగాలో తెలియక వీధి మధ్యలో ఆగి ఫోన్లు చూసుకుంటుంటారు. ఇంత చిన్న ఊళ్లో ఎనభై మీద వెళ్లే బండి ఉన్నా, ముప్పై దాటడం పండగే.

అయినా ఒక్క చోట ఆ పికప్‌కి అర్థం దొరికింది: కడలూరు రోడ్డులో ఏఎఫ్‌టీ మిల్లు దగ్గర రైల్వే గేటు. మిల్లు మూతబడినా గేటు పేరు మారలేదు. గేటు పడితే రెండువైపులా రోడ్డు అంచు దాకా బళ్లు, అందులో సగం ఇంజన్లు ఆపరు. మే నెల ఎండలో పక్కబండి సైలెన్సరు వేడి పిక్కకి తగులుతుంటే, నా కింద మటుకు ఏ వేడీ లేదు, వణుకూ లేదు. గేటు లేవగానే అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకరి మీదికొకరు వచ్చే ఆ రెండు మూడు సెకన్లలో నేను పట్టాలు దాటేసి ఉంటాను. అవతల బ్రేకు నొక్కే పని కూడా తక్కువే. చెయ్యి వదిలితే మోటారే బండిని నెమ్మదింపజేసి కాస్త కరెంటు బ్యాటరీకి తిరిగిస్తుంది. రోజూ ట్రాఫిక్‌లో తిరిగేవాడికి టాప్ స్పీడ్ కన్నా ఇదే సుఖం. ప్రకటనల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

చప్పుడు లేకపోవడం మొదట్లో వరంగానే కనిపించింది. మా నాన్నకి ఫోనులో గొప్పగా చెప్తే ఆయన, "శబ్దం లేని బండి వస్తోందని ఎదురొచ్చేవాడికి ఎలా తెలుస్తుందిరా?" అన్నారు. వైట్ టౌన్‌లో పసుపు గోడల ముందు ఫోటోలు దిగుతూ వెనక్కి వెనక్కి నడిచేవాళ్లని చూశాక ఆయన మాట ఎంత సరైనదో తెలిసింది. పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గేస్తూ చటుక్కున లేచే ఆడవాళ్లు, దుమా వీధి మలుపులో సైకిలు తొక్కే ముసలాయన, ఎవరికీ నేను వస్తున్నట్టు తెలియదు. హారన్ కొడితే ఉలిక్కిపడతారు, కొట్టకపోతే మీదికొస్తారు. యూరప్‌లో కరెంటు కార్లు నెమ్మదిగా వెళ్లేటప్పుడు చప్పుడు చెయ్యాలని చట్టం చేశారు. ఆ నిబంధన స్కూటర్లకి లేదు. వేగంగా పుంజుకునే బండి, పైగా వినపడని బండి. ఆ రెండూ కలిస్తే నడిపేవాడే ఇద్దరి జాగ్రత్తా పడాలి.

ఇక ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు. ముత్యాల్‌పేట దాటి, తమిళనాడు కొట్టకుప్పంలోకి వెళ్లి, మళ్లీ మన కాలాపేట విశ్వవిద్యాలయం ముందునుంచి సాగే ఆ సముద్రం పక్క రోడ్డు మీద మటుకు బండి తన బలం చూపించింది. చూపించినంతసేపూ తెర మీద శాతం అంకె కరిగిపోతూనే ఉంది. మహాబలిపురం ఇక్కడికి వంద కిలోమీటర్లకి కాస్త తక్కువ. కాగితం మీద నా బండి వెళ్లి, సగం దూరం తిరిగి రాగలదు. మరక్కానం ఉప్పుమళ్ల దగ్గర ఎదురుగాలిలో చూసుకుంటే అసలు చేరడమే అనుమానం. నలభైలో కన్నా ఎనభైలో గాలి నాలుగింతలు అడ్డుపడుతుంది. కంపెనీలు రేంజి చెప్పేది ఐడీసీ అనే పరీక్ష ప్రకారం. ఆ పరీక్షలో బండి 42 కిలోమీటర్ల వేగం దాటదు, సగటు ఇరవై రెండు. అంటే వేగం అమ్ముకునే బండికి, వేగంగా వెళ్లకుండా కొలిచిన మైలేజీ. ఆ వేళ మిగతా దారంతా ముప్పై అయిదు మీద, లారీల వెనక, బుద్ధిగా వెళ్లాను. దానికి తోడు బ్యాటరీ ఇరవై శాతానికి దిగితే పై మోడ్ దానంతటదే ఆగిపోతుంది. నడివేసవిలో గట్టిగా తోలితే వేడెక్కి కూడా ఆగిపోతుంది.

డబ్బు సంగతికొస్తే, వంద కిలోమీటర్లు తిరగడానికి నాకు నాలుగున్నర యూనిట్లు పడుతుంది. యూనిట్‌కి ఏడు రూపాయలు వేసుకున్నా ముప్పై చిల్లర. లీటరుకి నలభై అయిదు ఇచ్చే పెట్రోలు స్కూటర్‌కి మా ఊరి రేటులోనే రెండొందల పైన. తేడా బ్రహ్మాండమే. కానీ ఈ చిన్న ఊళ్లో రోజుకి పది కిలోమీటర్లు తిరిగేవాడికి నెలకి మిగిలేది అయిదొందల చిల్లర. పెట్రోలు బండికన్నా ఎక్కువ పెట్టిన నలభై, యాభై వేలు తిరిగి రావాలంటే ఏడేళ్లు కావాలి. అప్పటికి బ్యాటరీ వారంటీ ముగుస్తుందో, ముగిసిపోయి ఉంటుందో. విజయవాడలోనో హైదరాబాదులోనో రోజుకి నలభై, యాభై తిరిగేవాడికి ఇదే లెక్క రెండేళ్లలోపు తేలిపోతుంది. వాళ్లకి ఈ బండి లాభం. నాకు సరదా.

చార్జింగ్ దగ్గర ఇంటి ఓనరుతో చాలానాళ్లు వాదన నడిచింది. 2022 మార్చిలో వేలూరులో ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న స్కూటర్ తగలబడి తండ్రీ కూతురూ పోయారు. ఆ మరుసటి నెల విజయవాడలో పడగ్గదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకాయన ప్రాణం పోయింది. ఆ వార్తలు ఆయన మరిచిపోలేదు, మా ఆవిడా మరిచిపోలేదు. ఆ తరవాత కేంద్రం బ్యాటరీ ప్రమాణాలు బిగించి 2022 డిసెంబరు, 2023 మార్చి నెలల్లో రెండు విడతలుగా అమల్లోకి తెచ్చిందని చెప్పినా ఆయన మెత్తబడలేదు. చివరికి మెట్ల కింద కాకుండా వాకిట్లో గోడకి, ఎర్తింగ్ వేసిన విడి ప్లగ్గు, విడి మీటరు. నిద్రపోయే ముందు స్విచ్ ఆపాలనేది మా ఆవిడ పెట్టిన షరతు. రెండూ న్యాయమే అనిపిస్తుంది ఇప్పటికీ.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను తీరం దాటి మా నెత్తి మీదే కూర్చుంది. గంటల తరబడి కదల్లేదు. తెల్లారేసరికి నలభై సెంటీమీటర్ల పైన వాన. రెయిన్‌బో నగర్‌లో మా వీధి కాలువయింది. కృష్ణా నగర్‌లో జనాన్ని పడవల్లో తీసుకురావడానికి సైన్యం వచ్చింది. అర్ధరాత్రి నేనూ పై వాటా కుర్రాళ్లూ కలిసి నూట పది కిలోల పైచిలుకు బండిని అరుగు మీదికి ఎక్కించాం. బ్యాటరీకి నీటి రక్షణ ఉంది కదా అన్నాడొకడు. ఆ రక్షణ మీటరు లోతులో అరగంట వరకే. రాత్రంతా మురికినీళ్లలో నానడానికి కాదు. నీళ్లు తీశాక, మునిగిన పెట్రోలు బళ్ల వాళ్లు వీధి చివర మెకానిక్ దగ్గర ఆయిలు మార్పించుకుని, ప్లగ్గు ఆరబెట్టుకుని వెళ్లిపోయారు. మునిగిన కరెంటు బళ్లని ఆ మెకానిక్ ముట్టుకోలేదు. అవి వ్యానెక్కి సర్వీస్ సెంటరుకి వెళ్లి, వరసలో పడ్డాయి. నా బండికి ఏమీ కాలేదు గానీ, కరెంటు తీసేసినన్నాళ్లూ మిగిలిన చార్జి పాలకీ మందులకీ పొదుపుగా వాడుకోవాల్సి వచ్చింది.

సముద్రపు ఉప్పుగాలి ఏ బండినీ వదలదు. నట్లు, స్టాండు, అద్దం కాడ తుప్పు పట్టాయి. ఆ పికప్ సరదా తీర్చుకున్నందుకు వెనక టైరు తొందరగా అరిగింది. ఇంజన్ ఆయిలు ఖర్చు లేదు, నిజమే. కానీ తెర ఆగిపోతే మన చేతిలో ఏమీ లేదు, వాళ్లు సాఫ్ట్‌వేర్ సరిచేసేదాకా కూర్చోవాలి.

మా ఆఫీసులో యానాం కుర్రాడొకడు కొత్తగా వచ్చాడు. ఒకసారి నా బండి తీసుకుని ఏఎఫ్‌టీ గేటు దాకా వెళ్లొచ్చి, "అన్నా, మళ్లీ కొనాల్సొస్తే మీరు ఇదే కొంటారా?" అన్నాడు. ఈ ఊరి వరకైతే అదే కంపెనీలో నెమ్మది బండి, చిన్న బ్యాటరీది చాలు, ముప్పై వేలు మిగుల్తాయి, ఆ డబ్బుతో మంచి హెల్మెట్ కొనుక్కో అని చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. వారం తిరక్కుండా అన్నిటికన్నా వేగంగా వెళ్లేదే కొన్నాడు. మొన్న శనివారం మహాబలిపురం నుంచి ఫోను చేసి, తిరుగుదారిలో మరక్కానం దగ్గర చార్జరేమైనా ఉందా అని అడిగాడు.