భృతియా, బక్షీసా?

కృత్తివెన్నులో కూర్చుండి ఫోను తెరచి అన్నము తెప్పించుకొనవలెనని మేము రెండు మూడు పర్యాయములు యత్నించితిమి. ఈ ప్రాంతమునకు తమ సేవలు లేవని స్విగ్గీయు జొమాటోయు వినయముగనే సెలవిచ్చినవి. మా చుట్టుపట్ల చెరువులలో పెరిగిన రొయ్య మంచుపెట్టెలలో సముద్రములు దాటి అమెరికా చేరుచుండగా, బందరు హోటలులోని బిర్యాని మా యూరివరకు రాలేకపోవుట వింతయే. అయినను అందులకై మేము పరితపించుట లేదు. మేము చెప్పదలచినది ఆ యన్నమును గూర్చి కాదు; దానిని తెచ్చువాని చేతిలో మనము పెట్టునట్టియు, పెట్టక దాచుకొనునట్టియు పది రూపాయలను గూర్చి.

ఈ ప్రశ్న మాకు బందరులో ఎదురైనది. పదవ తరగతి జవాబు పత్రములు దిద్దుటకు వేసవిలో జిల్లా ముఖ్యపట్టణమునకు పోవుట మావంటివారికి తప్పనిది. పోయిన యేడు ఎనమండుగురము పంతుళ్ళము కలసి, కోనేరు సెంటరునకు కొంత దూరమున నొక మేడలో మూడవ యంతస్తు అద్దెకు దీసికొంటిమి. ఉదయమునుండి సాయంకాలము వరకు పరుల తప్పులు లెక్కించి వచ్చినవారికి పొయ్యి వెలిగించు నోపిక యెక్కడిది? మాలో చిన్నవాడైన లెక్కల మాస్టారు ఫోను తీసి ఆర్డరు పెట్టువాడు. అన్నపు వెల, డబ్బాల వెల, చేర్చుటకు రుసుము, పన్ను, ప్లాట్‌ఫారము రుసుమని మరియొకటి. ఇవన్నియు ముగిసిన పిదప, తెచ్చువానికి టిప్పు ఇత్తురా యని ఫోను అడుగును. పది, ఇరువది, ముప్పది యని తానే గళ్ళు గీసి చూపును. పాఠక మహాశయులు గమనింపవలె. ఆ ప్లాట్‌ఫారము రుసుము 2023లో రెండు రూపాయలతో ఆరంభమై 2025 నాటికి పది రూపాయలు దాటినది. రెండు పది యగుటను గూర్చి మాలో నొక్కరును నోరు మెదపలేదు. తెచ్చువానికిచ్చు పది రూపాయలపై మాత్రము ఎనమండుగురము గంటసేపు వాదించుకొంటిమి!

సాంఘికశాస్త్రము చెప్పు మిత్రుడు ఈయరాదనెను. మనమిచ్చుకొలదిని యజమాని తానీయవలసినది తగ్గించుకొనునని ఆయన వాదము. హిందీ పండితుడు, దానమునకు లెక్క లేమిటి, పుణ్యము వచ్చుననెను. మమ్ము సంస్కృతము చదివినవారమని మధ్యవర్తిగా నుండుమనిరి. మాకు గీతలోని పదునేడవ యధ్యాయము స్ఫురించినది. అందు దానము మూడు తెఱగులు. తనకు ఉపకారము చేయనివానికి, ఈయవలసినదే యను బుద్ధితో నిచ్చునది సాత్త్వికము. ప్రతిఫలము కోరియో, మనసు నొచ్చుకొనుచునో యిచ్చునది రాజసము. తిరస్కారముతో విసరివేయునది తామసము. మిట్టమధ్యాహ్నపు టెండలో మూటకట్టి తెచ్చినవాడు మనకు ఉపకారము చేసినవాడే కదా! కావున వానికిచ్చునది సాత్త్విక దానము కానేరదు. అన్నము రాకమునుపే, త్వరగా వచ్చుననెడి యాశతో ఫోనులో వేయునది రాజసము. తలుపు సందునుండి మొగము చూపక చిల్లర జార్చునది తామసము. ఇక మిగిలినదేమి? అది దానమే కాదనియు, భృతిలో నొక భాగము దారి తప్పి మన జేబులో నుండిపోయినదనియు మేము తీర్పు చెప్పితిమి. హిందీ పండితుడు దీనికి సంతోషింపలేదు. పుణ్యము చేజారినదని కాబోలు.

సాంఘికశాస్త్ర మిత్రుని వాదమునకు ఆధారము లేకపోలేదు. అమెరికాలో అంతర్యుద్ధానంతరము పుల్‌మన్ కంపెనీవారు తమ రైలు పెట్టెలలో పడకలు సర్దుటకు, దాస్యమునుండి విడివడిన నల్లవారిని నియమించి, కొలది జీతమిచ్చి, తక్కినది ప్రయాణికుల బక్షీసుకు వదలివేసిరి. ఆ పోర్టరులు 1925లో సంఘము కట్టి, ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున పోరాడి, 1937లో గాని కంపెనీతో ఒడంబడిక సంపాదింపలేకపోయిరి. 1909లో వాషింగ్టను రాష్ట్రము బక్షీసును నిషేధించుచు చట్టమే చేసి, నాలుగేండ్లకు రద్దు చేసికొన్నది. మన కాలమునకు వత్తము. డోర్‌డాష్ అను అన్నవాహక సంస్థ 2019 వరకు గిరాకీలిచ్చిన టిప్పును తాను హామీ యిచ్చిన కూలిలోనికి జమకట్టుకొన్నదని న్యూయార్కు రాష్ట్రము నేరము మోపగా, 2025 ఫిబ్రవరిలో 1 కోటి 67 లక్షల 50 వేల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. పదిరూపాయల దయ ఎవరి పెట్టెలో పడునో విచారింపకుండుట దయకు శోభ కాదు. మన దేశపు సంస్థలు టిప్పు మొత్తము తెచ్చువానికే చేరునని ప్రకటించుచున్నవి. మంచిదే. అయినను టిప్పు చేరుట వేరు, కూలి చాలుట వేరు.

మన పల్లెలలో దీనికి పూర్వరూపము లేకపోలేదు. మా తాతల నాట కళ్ళములో ధాన్యము కొలుచునపుడు చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి మేర యని ముందుగా తీసి పెట్టెడివారు. ఆ పద్ధతిని మేము పొగడుట లేదు. కులమును బట్టి పని, పనిని బట్టి వాకిటిలో నిలువవలసిన చోటు నిర్ణయించిన యేర్పాటది. అది పోవుటయే మేలైనది. కాని యందొక్క గుణము గలదు. మేర యెంతయో ఊరందరికిని తెలియును. తక్కువ కొలచినచో కళ్ళములోనే నలుగురిలో అడుగవచ్చును. పండుగనాటి మామూలు దానిపై అదనము. ఈనాడు మేర యెంతయో ఎవరికిని తెలియదు. మామూలు మాత్రము ఫోను మీద గళ్ళు గీసి చూపబడుచున్నది.

ఇట్లు వాదము సాగుచుండగా ఒకనాటి రాత్రి తలుపు తట్టిన యువకుడు హెల్మెట్టు తీసి, "నమస్కారమండీ మాస్టారూ!" అనెను. మా పాఠశాలలో చదివినవాడే. తండ్రి చెరువుల మీద కాపలాదారు. ఏ కంపెనీవాడో ఇచట చెప్పము. ఆ మేడకు లిఫ్టు లేదు. చొక్కా చెమటతో తడిసి వీపున కంటుకొని యున్నది.

"నీవా నాయనా! డిగ్రీ ముగిసినదా?" అంటిమి.

"అయిందండి. పగలు కోచింగండి, సాయంత్రం నుంచి ఇదండి."

మేము ఇరువది రూపాయల నోటు చేతికీయబోతిమి. వాడు రెండు చేతులును వెనుకకు పెట్టుకొనెను. "మీ దగ్గరా మాస్టారూ! వద్దండి."

"ఫోనులో వేసినది పుచ్చుకొందువు కదా?" అని లెక్కల మాస్టారు అడిగెను.

"అది పుచ్చుకుంటానండి. అందులో ఇచ్చినవాళ్ళ మొహం నేను చూడక్కర్లేదు, నా మొహం వాళ్ళు చూడక్కర్లేదు. చేతికిస్తే చెయ్యి చాచాలి కదండీ."

మేము నోటు మడిచి జేబులో పెట్టుకొని, మంచినీళ్ళిచ్చి, కూర్చుండుమంటిమి. కూర్చుండలేదు గాని నిలువబడియే కొన్ని మాటలు చెప్పెను. పెట్రోలు వానిదే, బండి మరమ్మతు వానిదే. హోటలులో వంట ఆలస్యమై అరగంట నిలువబడినను, ఆ అరగంటకు వచ్చునది లేదు. "టిప్పు సంగతి వదిలేయండి మాస్టారూ. ఎవరో ఒకళ్ళు కింద గేటు దగ్గరికి దిగొస్తే చాలండి. మూడంతస్తులు ఎక్కి దిగే లోపల ఇంకో ఆర్డరు పోతుందండి" అని, ఖాళీ గ్లాసు గుమ్మము ప్రక్కన పెట్టి చరచర దిగిపోయెను.

అన్నము తెచ్చువాని కూలి కాలములో నున్నది. గీతను తెచ్చి తీర్పు చెప్పిన మాకు తోచని సంగతి ఇది. నలుబది మెట్లు మనము దిగుట వానికి పది రూపాయల కన్న నెక్కువ. పట్టణములలో కొన్ని మేడలవారు ఇట్టివారిని తాము వాడు లిఫ్టు నెక్కరాదని పలక కట్టుచున్నారట! తెచ్చిన యన్నము ముట్టవచ్చును గాని, తెచ్చినవాడు తాకిన మీట ముట్టరాదు కాబోలు. 2024 మార్చిలో జొమాటోవారు శాకాహారులకై ప్రత్యేక వాహకులను ఏర్పరచి ఆకుపచ్చ దుస్తులు తొడిగింప నెంచి, ఎఱ్ఱ దుస్తులవానిని గేటు దాటనీయరను భయము పుట్టగా, ఒక్క దినములోనే ఆ రంగును ఉపసంహరించుకొనిరి. వేషమును బట్టి వాకిట నిలుపు బుద్ధి మనలో నెంత సిద్ధముగా నున్నదో ఆ యొక్క దినము చూపినది.

ఇట్టి పనివారు 2020-21లో 77 లక్షలనియు, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలగుదురనియు నీతి ఆయోగు 2022లో అంచనా వేసినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి వీరిని మొదటిసారిగా పేరు పెట్టి గుర్తించినది. అది అమలులోనికి వచ్చుటకు 2025 నవంబరు 21 వరకు పట్టినది. దాని ప్రకారము సంస్థలు తమ వార్షికాదాయములో నూటికి ఒకటి మొదలు రెండు వంతుల వరకు వీరి నిధికి చెల్లింపవలెను. ప్రమాదమునకును వార్ధక్యమునకును అది దారి చూపును. ఒక్కొక్క యార్డరునకు కనీసపు కూలి యింతయని మాత్రము చెప్పదు. ఆ కూలి లెక్క తేలువరకు మేము ఫోనులోని గడిని నొక్కుచునే యుందుము. సిద్ధాంతమును అడ్డు పెట్టుకొని పది రూపాయలు మిగిల్చుకొనువారిని మేము చాలమందిని చూచితిమి. వారిలో నొక్కరును ఆ కూలిని గూర్చి ఏ యధికారికిని ఒక్క కార్డు ముక్క వ్రాసినవారు కారు.

మా సాంఘికశాస్త్ర మిత్రుని మాత్రము ఈ లెక్కలో చేర్పజాలము. మరునాటినుండి అన్నము వచ్చు వేళకు పది నిమిషములు ముందుగనే ఆయన చెప్పులు తొడిగికొని గేటువద్దకు దిగుచుండెను. మోకాలి నొప్పి గలవాడు. పత్రములు ముగియువరకు ఒక్కనాడును ఆ పని మరియొకరికి విడువలేదు; టిప్పు మాత్రము ఒక్కనాడును ఈయలేదు. ఆయనకును మాకును వాదము ఇంకను తెగలేదు.