అయిదున్నర గంటల తేడా

మొన్నొక ఉదయం మా ఆవిడ కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ ల్యాప్‌టాప్ వంక చూసి, "ఓహో, తెల్లారుజామున అయిదింటికే కూర్చున్నారే!" అంది. కిటికీలోంచి ఎండ చుర్రుమంటోంది. గోడ గడియారంలో పదిన్నర. ల్యాప్‌టాప్ మూలన మాత్రం నిజంగానే అయిదు. ఆవిడ వెటకారం ఆవిడది. నేను మాత్రం కాఫీ చల్లారేదాకా ఆ అయిదున్నర గంటలు ఎటు పోయాయా అని వెతుకుతూ కూర్చున్నాను.

ముందురోజే అందులో విండోస్ పక్కన ఉబుంటు అనే లినక్స్ పెట్టాను. కంప్యూటర్‌లో కరెంటు లేకపోయినా నడిచే గడియారం ఒకటుంటుంది. ఒకటే ఉంటుంది. అందులో ఉన్నది మన ఊరి టైమే అనుకోవడం విండోస్‌కు డాస్ కాలం నుంచీ అలవాటు. లినక్స్ అది ప్రపంచమంతటికీ ఉమ్మడి టైమనుకుని, మన అయిదున్నర గంటలు కలిపి చూపిస్తుంది. రాత్రి ఉబుంటు తన పద్ధతిలో గడియారాన్ని దిద్దిపెట్టి పోయింది. పొద్దున వచ్చిన విండోస్ దాన్నే నమ్మింది. ఇద్దరి లెక్కా సరైనదే. చలికాలంలో లండన్‌లో ఉండేవాళ్లకు ఈ తగువే తెలియదు. టెర్మినల్‌లో ఒక్క వరస కొట్టి ఉబుంటునే తగ్గమన్నాను. కొత్తగా కాపురానికొచ్చింది కదా, సర్దుకోవలసింది అదేనట!

నిజానికి పరిచయం పాతదే. ఉబుంటు మొదటిసారి వచ్చింది 2004 అక్టోబరులో. ఆ తర్వాత కొన్నేళ్లు, 2011 దాకా, అడిగినవాళ్లకు సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు. నాకూ ఒకటి వచ్చింది. ఇన్‌స్టాల్ చేయకుండా సీడీ మీంచే నడిపి చూడొచ్చు. చూశాను, ముచ్చటపడ్డాను, బీరువాలో బట్టల కింద దాచాను. పార్టిషన్ అన్న మాటకు జడిశాను మరి. మా ఇంట్లో ఆ మాట వింటే పొలం గట్టు, పెద్దమనుషులు, మా నాన్నా బాబాయీ పలకరించుకోని రెండేళ్లు గుర్తొస్తాయి.

పాత డిస్కుల్లో పంపకాల పట్టికకు కేటాయించిన చోటు 64 బైట్లు. వాటాకు 16 చొప్పున నాలుగు వాటాలు రాస్తే కాగితం నిండిపోయినట్టే. ఇప్పటి జీపీటీ పద్ధతిలో, విండోస్‌లో సైతం, 128 దాకా వేసుకోవచ్చు. అంతమంది అన్నదమ్ములు కౌరవుల ఇంట్లోనూ లేరు.

ఈసారి ఉబుంటు పెట్టేముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాను. ఆ పని మానేసి మిగతాదంతా చేసేవాళ్లను చూశాను, వాళ్ల ధైర్యం నాకు లేదు. విండోస్ చేతనే దాని వాటా కుదింపించి, ఒక 100 జీబీ ఖాళీ చేయించాను. పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెడితే, విండోస్ పక్కనే ఉండమంటావా, డిస్కంతా తుడిచేసి ఉండమంటావా అని అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలూ ఒకదాని కింద ఒకటి. నడుమ వేలెడు ఎడం కూడా లేదు. మూడుసార్లు చదివి మరీ నొక్కాను.

వాటాలైతే పడ్డాయి గానీ నడుమ గోడ చిత్రమైంది. ఉబుంటు వైపు నుంచి చూస్తే విండోస్ గదిలోని సామానంతా కనిపిస్తుంది. అటునుంచి ఇటు చూస్తే, మామూలుగా, ఏమీ కనిపించదు. పైగా విండోస్‌ను ఆపినా అది పూర్తిగా ఆగదు. తొందరగా లేవడం కోసం సగం నిద్రలో ఉంటుంది. అలా పడుకున్నప్పుడు ఉబుంటు దాని ఫైళ్లు చదవగలదు, రాయలేదు. ఫాస్ట్ స్టార్టప్ అనే ఆ కోడికునుకును సెట్టింగుల్లో మాన్పించాక గానీ పని జరగలేదు.

ఇంత అవస్థ పడేకంటే ఒకదాన్నే ఉంచుకోవచ్చుగా అన్నాడు మా మేనల్లుడు. వాడికేం, వాడు పుట్టేనాటికే ఫోన్లలో తెలుగు ఉంది. నేను ఒక చిన్న పత్రికకు పేజీలు పెట్టేవాణ్ణి. ఇరవయ్యేళ్ల సంచికలు పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. వాటిలో తెలుగు అక్షరం అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ తలకట్టు, కొమ్ము, వత్తు తొడిగిన బొమ్మ. ఫాంటు తీసేస్తే కింద మిగిలేది చెత్తకుప్ప. వాటిని టైపు చేసే ప్రోగ్రాము విండోస్‌కే రాశారు. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, మార్చాక అక్షరం అక్షరం దిద్దుకోవాలి. రోజుకు రెండు పేజీలు దిద్దుతున్నాను. దిద్దినవి ఉబుంటు వైపు చేరుతున్నాయి. ఎంత కాలం పడుతుందని లెక్క వేయలేదు, వేస్తే మానేస్తానేమోనని.

మీట నొక్కగానే, రెండింట్లో ఏది కావాలో అడిగే గ్రబ్ పట్టిక నల్లటి తెర మీద వస్తుంది. పది సెకన్లు ఆగుతుంది. ఏమీ నొక్కకపోతే ఉబుంటు తెరుచుకుంటుంది. విండోస్ మూడో వరసలో ఉంది, బాణం మీట రెండుసార్లు కిందికి నొక్కాలి. ఆదివారం పేజీలు దిద్దే పని పెట్టుకోను. అయినా నిన్న ఆదివారం, కాఫీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని తెర చూడకుండానే రెండో చేత్తో రెండుసార్లు నొక్కేశాను.