బండిలో కుక్క, బజారులో కుక్క

మా మేనల్లుడు టోకియోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య ఒక ఫోటో పంపించాడు. ఒకావిడ పసిపిల్లల తోపుడుబండి తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. బండిలో వున్నది పిల్ల కాదు, కుక్క! దానికి చొక్కా కూడా తొడిగారు. "మామయ్యా, ఇక్కడ ఇది మామూలే. వీధికుక్క మాత్రం నాలుగేళ్లలో ఒక్కటీ కనబడలేదు" అని రాశాడు.

మీరు నవ్వుకుంటారు. నేనూ నవ్వాను. కాని వైద్యుణ్ణి కదా, ఇంకో సంగతి గుర్తొచ్చింది. జపానువాళ్లు 1950లో చట్టం చేసి, పెంపుడు కుక్కల పేర్లు నమోదు చేయించి, టీకాలు వేయించారు. 1957 తర్వాత ఆ గడ్డమీద రేబిస్ పుట్టలేదు. బయటిదేశంలో కాటు తిని వచ్చినవాళ్లకే అరుదుగా వచ్చింది.

ఇక మా దమ్మపేట. పామాయిలు గెలల ట్రాక్టర్లు ఒకవైపు, టీకొట్లు ఒకవైపు, కోడిమాంసం కొట్టు ముందు ఎప్పుడూ నాలుగు కుక్కలు. మొన్న వానాకాలంలో అక్కడే ఒక ఆరేళ్ల పిల్ల పిక్క పట్టేసింది వాటిలో ఒకటి. నేను టీ తాగుతున్నాను. గ్లాసు పెట్టి వెళ్లేసరికి జనం మూగారు. ఒకాయన సున్నం అంటాడు, ఒకాయన పసరుమందు అంటాడు. పక్కకొట్టు పెద్దమ్మ గుప్పెట్లో కారం పట్టుకుని వచ్చేసింది!

"పెద్దమ్మా, ఆ కారం కూరలో వెయ్యి. నాకు సబ్బు ఇప్పించు" అన్నాను. టీకొట్టు కుళాయి కింద పిల్ల కాలు పెట్టి, బట్టల సబ్బుతోనే గడియారం చూసి పదిహేను నిమిషాలు కడిగాను. పిల్ల ఏడుపు, అమ్మమ్మ శాపనార్థాలు - శాపాలు కుక్కకో నాకో తెలియలేదు.

ఎందుకంత పట్టుదల అంటారా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక రాత్రి పన్నెండేళ్ల కుర్రాణ్ణి మంచంమీద మోసుకొచ్చారు. గ్లాసుతో నీళ్లు చూపిస్తే గొంతు బిగుసుకుపోతోంది. రెండు నెలల కిందట కుక్కపిల్ల గీరిందిట. 'పిల్లే కదా' అని పసరు కట్టించి వూరుకున్నారు. లక్షణాలు పైకి వచ్చాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. మూడోరోజు పోయాడు. వాళ్ల నాన్న "ముందే తెస్తే బతికేవాడా సారూ?" అని అడిగాడు. అవునని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బొడ్డుచుట్టూ పధ్నాలుగు సూదులని ఇప్పటికీ భయపడేవారున్నారు. ఆ మందు మనదేశంలో 2004 తర్వాత లేదు. ఇప్పుడు సూది భుజానికే. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటిరోజు, 3, 7, 28వ రోజుల్లో. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. రక్తం వచ్చిన గాయానికి, గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ కూడా వేయించాలి. గర్భిణులు, చంటిపిల్లలు కూడా వేయించుకోవచ్చు. పథ్యం లేదు. కుక్క బతికిందా చచ్చిందా అని చూస్తూ కూర్చోకండి, సూది మొదలుపెట్టించండి. పెంపుడు కుక్కయినా, పిల్లయినా, పిల్లి అయినా అంతే.

మూడు సూదులయ్యాక అమ్మమ్మ, "పుండు మానింది కదా బాబూ, నాలుగోది దేనికి? కూలి పోతుంది" అంది. బతిమాలాను. 28వ రోజున వచ్చింది, మనవరాలిని చంకనేసుకుని. పిల్లకి టోకియో ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "దాన్నెందుకు తోస్తున్నారు, దానికి కాలు నొప్పా?" అని అడిగింది.