తెర మీది కొండ, ఎదుటి మనిషి

నేను సినిమా పండితుణ్ణి కాను. రైల్వేలో గుమాస్తాగా చేరి, కొత్తవలస–కిరండూల్ మార్గంలోని స్టేషన్లలో ముప్ఫై ఏళ్ళకు పైగా టిక్కెట్లు ఇచ్చి, 2024లో పదవీ విరమణ చేసినవాణ్ణి. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన ఈ మార్గం కొండల కడుపులోంచి, సొరంగాల వెంట సాగుతుంది. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం అరకులోనే గడిచింది. విశ్రాంత జీవితమూ ఇక్కడే, ఒక అద్దె ఇంట్లో గడుస్తున్నది.

ఇషా నమాజు, భోజనాలు ముగిశాక ఇంటిల్లిపాదీ ఒక గంటసేపు టీవీ ముందు కూర్చోవడం మాకు అలవాటు. ఏది చూడాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించే అధికారం నా శ్రీమతిది. రిమోటు ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉంటుంది. సినిమాలు చూడవచ్చునా, కూడదా అన్న చర్చలో నేను తలదూర్చను. అది విజ్ఞులు చెప్పవలసిన మాట. అయితే మనలో చాలామందిమి చూస్తున్నాము కనుక, చూసినదాని వల్ల మన చూపు ఎలా మారుతున్నదో ఎవరికి వారు లెక్క చూసుకోవడం అవసరమని నాకు ఆలస్యంగా తెలిసివచ్చింది. ఆ లెక్కనే మీ ముందు ఉంచుతున్నాను.

ఈ కొండలను నేను మొదట చూసింది తెర మీదనే. 1974లో, నాకు పదేళ్ళ వయసులో, విజయనగరంలో అబ్బాజాన్ చేయి పట్టుకొని వెళ్ళి ‘అల్లూరి సీతారామరాజు’ చూశాను. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రమది. కృష్ణగారికి నూరవ చిత్రం. చింతపల్లి అడవుల్లో చిత్రీకరించారు. అందులో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ పురస్కారం కూడా లభించింది. థియేటరు నుండి ఇంటికి నడిచే దారిలో అబ్బాజాన్ 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద జరిగిన దాడి గురించి చెబుతూ ఉంటే, ఇల్లు ఎప్పుడు వచ్చిందో తెలియలేదు.

ఆ చిత్రం పట్ల నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. కానీ ఈ కొండల్లో ఉద్యోగం చేశాక మళ్ళీ చూసినప్పుడు ఒక లోటు కనిపించింది. అటవీ చట్టాలు పోడు సేద్యాన్ని అడ్డుకున్నాయి. చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయించే పనిలో గిరిజనులకు సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించారు. ఆ బాధ నుండి తిరుగుబాటు పుట్టింది. నాయకుని వెంట నడిచిన గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులు ఈ మట్టి బిడ్డలే. మల్లు దొర కారాగార శిక్ష అనుభవించి బయటపడి, 1952లో విశాఖపట్నం నుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. విల్లు పట్టిన గిరిజనుణ్ణి తెర మీద ఎన్నోసార్లు చూశాను గాని, పార్లమెంటులో కూర్చున్న ఆ గిరిజనుని కథ మాత్రం నేను చూసిన ఏ చిత్రంలోనూ లేదు.

2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ చూసినప్పుడు మా అబ్బాయి ఎంతో సంబరపడ్డాడు. అందులో కొమరం భీమ్ ఢిల్లీలో అఖ్తర్ అనే పేరుతో, మెకానిక్‌గా, ఒక ముస్లిం కుటుంబం ఆశ్రయంలో ఉంటాడు. 2020 అక్టోబరులో ఆ పాత్ర టోపీ ధరించిన దృశ్యం ప్రచార చిత్రంలో కనిపించగానే పెద్ద వివాదం రేగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నా మటుకు నాకు ఆ కుటుంబం నచ్చింది. తలుపు తట్టినవానికి అన్నం పెట్టే మామూలు మనుషులుగా మనవాళ్ళు తెర మీద కనిపించడం అరుదు. కానీ కథ పూర్తిగా కల్పితమన్న సంగతిని పిల్లలకు చెప్పడం మన బాధ్యత. అసలు కొమరం భీమ్ ఆదిలాబాద్ గోండు వీరుడు. నిజాం ప్రభుత్వంతో పోరాడి 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పుల్లో అమరుడయ్యాడు. “నిజాం ముస్లిమే కదా అబ్బా!” అన్నాడు మా అబ్బాయి, కాస్త ఇబ్బందిగా. “అడవి బిడ్డ నోటి దగ్గరి కూడు లాక్కున్నవాడు ఎవరైతేనేం నాయనా, దౌర్జన్యం దౌర్జన్యమే” అన్నాను. భీమ్ మరణం తరువాతనే ఆ ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను నియమించి గోండుల స్థితిగతులను అధ్యయనం చేయించింది. ఆ అధ్యయనం గోండులకు భూమి పట్టాలు దక్కడానికి దోహదం చేసింది. మనవారి పొరపాటును మనమే ఒప్పుకుంటే తప్ప, ఇతరుల పొరపాటును ఎత్తిచూపే అర్హత మనకు ఉండదు.

2021లో వచ్చిన ‘పుష్ప’ మొదటి భాగంలోని అడవి చాలావరకు మారేడుమిల్లిది. కథ మాత్రం శేషాచలం కొండలది. ఎర్రచందనం సహజంగా పెరిగేది అక్కడే, మారేడుమిల్లిలో కాదు. మా తూర్పు కనుమల చెట్లను, వాగులను, పొగమంచును వాడుకున్న ఆ కథలో ఇక్కడి మనుషులకు మాత్రం చోటు లేదు.

టీవీ కార్యక్రమాల సంగతీ ఇంచుమించు అంతే. ప్రయాణ కార్యక్రమాలవారు అద్దాల పెట్టెలో కూర్చొని వస్తారు. బొర్రా గుహలు, చాపరాయి, పద్మాపురం తోట చూపిస్తారు. వెదురు బొంగులో కోడి మాంసం కాల్చడం చూపిస్తారు. (మేమూ జబహ్ చేయించిన కోడితో ఇంట్లో వండుకుంటాము, రుచికి వంక పెట్టలేను.) చివరకు థింసా నృత్యం వస్తుంది. వెనుక నుండి ఒకరి చేతులొకరు పట్టుకొని అడుగు కలిపే ఆ స్త్రీలు చైత్ర మాసపు ఇటుకల పండుగలో తమ కోసం తాము ఆడేటప్పుడు చూడాలి. కెమెరా ముందు ఆడేటప్పుడు వారి కళ్ళు యాత్రికుల వైపు ఉంటాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించాక లఘుచిత్రాలూ చాలా వచ్చాయి. ఎర్రని కాఫీ పళ్ళు, సిల్వర్ ఓక్ నీడ, మిరియాల తీగలు, నవ్వే గిరిజన మహిళ. చూడటానికి హాయిగానే ఉంటుంది. ఆమె మాట్లాడితే ఇంకా బాగుంటుంది.

ఇక మా ఇంటిని నేరుగా తాకిన చిత్రం ఒకటి ఉంది. 2022 నవంబరులో విడుదలైన ‘మసూద’. భయానక చిత్రంగా నేర్పుగా తీశారు, కాదనను. ఆ పీడ నుండి విడిపించడానికి పూనుకునే పెద్దమనిషి కూడా ముస్లిమే, అదీ ఒప్పుకుంటాను. కానీ ప్రేక్షకుని వెంట ఇంటికి వచ్చేది ఆ పెద్దమనిషి కాదు, బురఖాలోని ఆకారం. అది వచ్చిన కొన్నాళ్ళకు మేము విశాఖలో బంధువుల అపార్ట్‌మెంటుకు వెళ్ళాము. లిఫ్టులో ఉన్న ఇద్దరు పిల్లలు నా శ్రీమతిని చూసి ఆ చిత్రం పేరు అరిచి, కెవ్వున కేకవేసి, బయటకు పరుగెత్తారు. ఆమె నవ్వేసింది. “పిల్లలు కదా” అన్నది. ఆనాటి నుండి లిఫ్టు ఎక్కే ముందు నఖాబు పైకెత్తి ముఖం కనిపించేలా నిలబడటం ఆమెకు అలవాటైంది. ఎవరూ అడగలేదు, తానే అలవాటు చేసుకున్నది. అది చూసినప్పుడల్లా నాకు కోపం వచ్చేది. ‘ఒక మనిషిని చూసి భయపడేలా పిల్లలకు నేర్పే హక్కు తెరకు ఎవరిచ్చారు?’ అని కనిపించిన ప్రతివారితో వాదించాను. నేను బాధితుణ్ణని నాకు గట్టి నమ్మకం.

2025 సెప్టెంబరు 5న ‘ఘాటి’ వచ్చింది. క్రిష్ దర్శకత్వం, అనుష్క కథానాయిక. ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని ఈ తూర్పు కనుమల్లో గంజాయి మూటలు మోసేవారి కథ. కథానాయిక పేరు శీలావతి. ఆ పేరుతో ఒక గంజాయి రకమే ఉంది. మోసేవారి వెన్ను విరిగి, లాభం మరెవరికో చేరుతుందని చెప్పడం దర్శకుని ఉద్దేశం. అందులో అబద్ధమేమీ లేదు. పెట్టుబడి ముందుగా ఇచ్చి సాగు చేయించే వ్యాపారులు దూరాన ఉంటారు. పట్టుబడి జైలుకు వెళ్ళేది తరచుగా కూలికి మోసిన కుర్రవాడు. పోలీసులు వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో సుమారు రెండు లక్షల కిలోల సరుకును ఒకేచోట తగులబెట్టారు. చాలా గ్రామాలు ఆ ఊబి నుండి బయటపడి కాఫీ, మిరియాలు, రాజ్మా, పసుపు వైపు మళ్ళాయి. ఇవన్నీ తెలిసిన నేను, చిత్రం బాగుందనీ, కాస్త రక్తపాతం ఎక్కువైందనీ తీర్పు చెప్పి ఊరుకున్నాను.

ఆ తరువాత కొద్ది వారాలకు, ఒక నికాహ్ కోసం విశాఖ వెళ్ళవలసి వచ్చింది. నేనూ, నా శ్రీమతీ, తొమ్మిదేళ్ళ మనుమరాలూ అరకు స్టేషనులో బండి కోసం కూర్చున్నాము. ఇరవై ఏళ్ళ గిరిజన యువకుడొకడు వచ్చి, బరువైన గోనెసంచిని మా బల్ల పక్కన దించి, “కాస్త చూస్తుండండి సార్, నీళ్ళు పట్టుకొస్తాను” అన్నాడు.

ముప్ఫై ఏళ్ళలో ఇలాంటి సంచులు ఎన్నింటికి కాపలా కాశానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం నా నోటి నుండి, నాకే పరాయిగా తోచిన గొంతుతో, “ఏముంది అందులో? నీ సంచి నువ్వు తీసుకుపో” అన్న మాట వచ్చింది. చుట్టూ నలుగురూ తిరిగి చూశారు. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. మోకాళ్ళ మీద కూర్చొని మూతి తాడు విప్పాడు. రాజ్మా గింజలు, రెండు తేనె సీసాలు, అడ్డాకుల కట్ట, ప్లాస్టిక్ కవరులో చదువు సర్టిఫికెట్లు. ఒక్కొక్కటీ తీసి చూపించి, మళ్ళీ సర్దాడు. “పరవాలేదండి, అందరూ అడుగుతారు” అన్నాడు.

లిఫ్టు ముందు నఖాబు ఎత్తి నిలబడిన నా శ్రీమతి నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆమె నా వైపు చూడలేదు. లేచి వెళ్ళి ఆ సంచిని మా సామాను పక్కకు జరిపి, “వెళ్ళు బాబూ, నీళ్ళు తెచ్చుకో. నేను చూస్తాను” అన్నది.

బండి ఎక్కాక అతని ఎదుట కూర్చున్నాను. సాటి మనిషి మనసు నొప్పించిన తప్పుకు ముందుగా ఆ మనిషి నుండే క్షమాపణ పొందాలని చిన్ననాటి నుండి విన్నవాణ్ణి. “తప్పుగా మాట్లాడాను బాబూ, మన్నించు” అన్నాను. అతడు నాకంటే ఎక్కువగా సిగ్గుపడ్డాడు. హుకుంపేట అవతల కొండ మీది ఊరట. విశాఖలో డిగ్రీ చదువుతున్నాడు. సంచిలోని సరుకు హాస్టలు మిత్రులు చెప్పి తెప్పించుకున్నది. కొంతదూరం పోయాక, ‘ఘాటి’ చూశావా అని అడిగాను.

“చూశానండి. మోత సంగతి నిజమే” అని కాసేపు కిటికీలోంచి చూశాడు. “నా చెల్లెలు పుట్టేటప్పుడు మా అమ్మను డోలీలో మోసుకెళ్ళారు. మా ఊరికి రోడ్డు లేదండి. మా నాన్న, చిన్నాన్న, ఊళ్ళో మరో ఇద్దరు. రాత్రంతా వాన. మోత అంటే నాకు అదే గుర్తొస్తుంది.”

తరువాత సొరంగం వచ్చింది. చీకట్లో ఎవరమూ మాట్లాడలేదు. డోలీ మోసిన ఆ నలుగురి గురించి నేను వార్తల్లో చదివాను, స్టేషనులో విన్నాను. అయినా ఆ అబ్బాయి సంచి దించినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది వారు కాదు, తెర మీది మూటలు. అనుమానాలకు దూరంగా ఉండమని హుజురాత్ సూరా చేసే హెచ్చరికను నా పిల్లలకు నేనే ఎన్నోమార్లు చెప్పాను. చిత్రం తీసినవారిని నిందించి తప్పుకోలేను. వారు కథ చెప్పారు. దానిని ఆ అబ్బాయి భుజాన వేసినవాణ్ణి నేను.

విశాఖలో దిగేటప్పుడు అతడు వద్దంటున్నా వినకుండా ఒక తేనె సీసా మనుమరాలి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆటోలో కూర్చున్నాక పాప అడిగింది: “దాదా, ఆ అన్న సంచిలో ఏముందనుకున్నారు?”

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ మా ఇంట్లో రాత్రి టీవీ పెడుతూనే ఉన్నాము. అయితే ఒక నియమం కొత్తగా చేరింది. కార్యక్రమం ముగిశాక, అందులో ఎవరినైతే చూపించారో, అలాంటి మనిషి మనకు తెలిసినవారు ఎవరైనా ఉన్నారా, వారు నిజంగా ఎలా ఉంటారు అని ఒకరినొకరం అడుగుతాము. ఎవరూ తెలియకపోతే, తెలియదని ఒప్పుకుంటాము. ఈ ప్రశ్నను మొదట అడిగేది పాపే. ఆమె మొదటి ప్రశ్నకు నేను ఇంకా బాకీ ఉన్నాను. పెద్దయ్యాక ఇది చదువుకుంటుందని రాసి ఉంచుతున్నాను.