పిలుపు లేని విమానాశ్రయం

అమెరికాలోని పిల్లలను చూడబోయే తెలుగు తల్లిదండ్రులలో ఎందరో దుబాయిలో విమానం మారతారు. అక్కడ సామాను చింత ఉండదు. శంషాబాదులోనే దానికి గమ్యపు చీటీ కట్టి, సాధారణంగా రెండు బోర్డింగు పాసులూ చేతికిస్తారు. చిక్కంతా నడుమనే. సికింద్రాబాదు స్టేషనులో రైలు కబురు మూడు భాషలలో చెవిన పడుతుంది. దుబాయిది మౌన విమానాశ్రయం. ఎక్కవలసిందిగా మైకులో పిలిచే ఆనవాయితీ లేదు. గేటు సంఖ్యను తెరలపై చూచుకోవాలి. అది 2013లో తెరచిన ‘ఏ’ విభాగంలో ఉంటే, దిగిన చోటును బట్టి లోపలి రైలెక్కవలసి రావచ్చు. ఎమిరేట్స్ వారు విమానం బయలుదేరడానికి 20 నిమిషాల ముందే గేటు మూసివేస్తారు. పిలుపుకై చెవియొగ్గి కూర్చున్న విద్యావంతునికన్న, పాసు చూపి పదిమందిని అడిగే పల్లెటూరి అవ్వే ముందుగా గేటు చేరుతుంది. గల్ఫులో కరీంనగరు, నిజామాబాదుల వారు తక్కువేమీ కాదు; ఆమెకు బదులు తెలుగులోనే దొరకవచ్చు.