వదిన గిన్నె, గండిపేట చేప

మా వంటింటి గూట్లో ఇరవై రోజులుగా ఒక స్టీలు గిన్నె బోర్లించి ఉంది. మాది కాదు, గోడవతల వదినది. హోలీ మరునాడు అందులో మామిడికాయ ముక్కలేసి వండిన చేపల పులుసు పిట్టగోడ మీదుగా అందించింది. తిన్న గిన్నె కడిగి ఖాళీగా ఇవ్వకూడదు కదా! నేను ఊరుకోక, "ఈ గిన్నె గండిపేట చేపతోనే తిరిగొస్తది వదినా" అన్నాను. ఆ రోజు నుంచి గిన్నె గూట్లో ఉంది, నేను గట్టు మీద ఉన్నాను, చేప నీళ్లలో ఉంది. ముగ్గురం ఎక్కడివాళ్లం అక్కడే.

రోజూ పొద్దున గోడ మీద నుంచి అదే ప్రశ్న.

"ఏమాయె తమ్మీ, గిన్నె నిండిందా?"

"చేపలు గాలానికి పడ్తలేవు వదినా."

"పడకుంటే మానె, గిన్నె అన్న ఇయ్యరాదూ. పెరుగు తోడేసుకుంట."

ఈ ముచ్చట విని మా ఇంటావిడ లోపల నవ్వుకుంటుంది. వదిన పెనిమిటి, నేను అన్నా అని పిలిచే పెద్దాయన, చేవెళ్ల దిక్కు పల్లెలో పుట్టి కుంటల్లో పెరిగిన మనిషి. ఆయన మాత్రం నవ్వడు. జామచెట్టు కింద కుర్చీ వేసుకొని ఒకటే మాట అంటాడు: "నువ్వు పోయే టైముకు చేప తినాల్నంటే ఎట్ల? అది తినే టైముకు నువ్వు పో."

మీరు కూడా ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో గాలం పట్టుకొని ఉత్త చేతులతో తిరిగొస్తున్నవాళ్లయితే, ఈ ఇరవై రోజుల్లో గోడ మీద నేను నేర్చుకున్నది చెప్తాను, వినండి.

మొదటి పాఠం అన్న పుట్టిన ఊరి కుంట దగ్గర. అప్పా జంక్షన్ దాటి, ఆ పెద్ద పెద్ద మర్రిచెట్ల కింద నుంచి, చీకటితోనే బండి మీద పోయాం. తెల్లవారుజామున ఐదు గంటలకు కుంట చూస్తే నా ప్రాణం లేచొచ్చింది. నీళ్ల మీద ఎక్కడ చూసినా చేప మూతులే. గుప్పు గుప్పుమని తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. "అన్నా, ఆకలి మీదున్నయి!" అని గబగబా నాలుగు గాలాలు వేశాను. ఎర ఆ మూతుల పక్కనే తేలుతోంది. ఒక్కటీ తిరిగి చూడలేదు.

అన్న బీడీ వెలిగించుకొని, "గది ఆకలి కాదు తమ్మీ, ఊపిరి" అన్నాడు.

సంగతేమిటంటే, నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాముల దాకా పట్టుకుంటే, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. పైగా కుంట నీళ్లు పచ్చగా, నాచు ముసిరి ఉంటాయి. ఆ నాచు పగలంతా ఎండ తాగి ప్రాణవాయువు వదులుతుంది గానీ, రాత్రి అయ్యేసరికి చేపలతో పాటు తానూ పీలుస్తుంది. అందుకే తెల్లవారేముందు నీళ్లలో గాలి అన్నిటికన్నా తక్కువ. పాపం చేపలు పైపొరలో ఉన్న కాస్త గాలి కోసం మూతులు చాపుతున్నాయి. ఊపిరాడని మనిషి ముందు బిర్యానీ పెడితే తింటాడా?

"జర పొద్దెక్కనీ" అన్నాడు అన్న. ఏడు గంటలకు ఎండ నీళ్ల మీద పరుచుకుంది. మూతులు మాయమయ్యాయి. అప్పుడు బెండు కదిలింది. రెండు జిలేబీ చేపలు పడ్డాయి, అరచేతి మందం. తొమ్మిది దాటాక మళ్లీ అంతా మౌనం. మధ్యాహ్నం ఎండలో చేప లోతుకు దిగి నీడ పట్టుకుంటుంది. దాని ఒంటి వేడి నీళ్ల వేడిని బట్టే ఉంటుంది, మనలా చెమట పట్టించుకొని చల్లబడడం దానికి లేదు. మళ్లీ సాయంత్రం నీడలు సాగాక పైకొస్తుంది. ఎండాకాలం గాలానికి ఈ రెండు పూటలే. మిగతా పొద్దంతా కూర్చునేది చేప కోసం కాదు, ఇంట్లో పని తప్పించుకోవడం కోసం. ఇది వదిన మాట.

ఆ జిలేబీలు గిన్నెలో పెడతానంటే అన్నే ఒప్పుకోలేదు. "గండిపేట చేప అన్నవ్, గండిపేటదే తే."

గండిపేట కుంట లాంటిది కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేశాక, మళ్లీ అలాంటి కష్టం రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన రెండు చెరువుల్లో ఇది మొదటిది. 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, పూర్తయింది. 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్. మా మొయినాబాద్ ఈ రెండు నీళ్ల నడుమ ఊరు. ఎటు నడిచినా చెరువే, ఎటు నడిచినా నాకు చేప లేదు.

పెద్ద చెరువులో ఎండాకాలం ఇంకో చిక్కు. నీళ్లు వెనక్కి జరుగుతాయి. నిరుడు వానాకాలంలో నేను కూర్చున్న రాయి ఇప్పుడు ఒడ్డుకు దూరంగా ఎండిన బురదలో ఉంది. నేను ఆ రాయికి సూటిగా ఎదురుగా కూర్చుంటున్నాను, అలవాటు. అక్కడ మోకాటి లోతు నీళ్లు, పొద్దెక్కితే పులుసులా కాగుతున్నాయి. ఆ సంగతి చెప్తే అన్న పుల్లతో మట్టి మీద గీత గీశాడు.

"కట్ట కట్టకముందు నది గిట్ల పారింది. నీళ్లు నిండినా నది పాయ కిందనే ఉంటది. నీళ్లు తగ్గితే చేప ఆ పాయలకే పోతది. నీళ్లలున్న బండలు, మొద్దులు, పాత బావి గడ్డ, గవి సూడు."

ఇంకో గుర్తు గాలి. గాలి ఎటు వీస్తే ఆ ఒడ్డుకు నురగ, నాచు తునకలు, పురుగులు కొట్టుకొచ్చి చేరతాయి. అల తగిలే చోట నీళ్లలో గాలి కలుస్తుంది. మేత, ఊపిరి రెండూ ఒకే దగ్గర. నేనేమో ఇన్నాళ్లూ మొహానికి గాలి కొడుతుందని అవతలి ఒడ్డున, చల్లగా, నిమ్మళంగా కూర్చున్నాను. చేప ఇవతల విందులో ఉంది.

ఎర సంగతి కూడా గోడ మీదే తేలింది. నేను వానాకాలం లెక్కలో నిమ్మకాయంత ముద్ద గుచ్చుతున్నాను. అన్న గోళీకాయంత చెయ్యమన్నాడు. వేడికి మందగించిన చేప పెద్ద ముద్ద కోసం నోరు తెరవదు, చిన్నది ముక్కు ముందుకొస్తే కాదనదు. గాలం చిన్నది, దారం సన్నది, బెండు తేలికది. గోధుమపిండి, పల్లీ చెక్క పొడి, వేయించిన శనగపిండి చాలు. చుట్టూ చల్లే మేత పిడికెడుకు మించొద్దు. తినే మనసే తక్కువున్నప్పుడు ఊరంతా విస్తరి వేస్తే మన ఆకు దగ్గర ఎవరు కూర్చుంటారు?

ఎర ఏ లోతున వెయ్యాలో చేప మూతే చెప్తుందట. బొచ్చెకు కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తిరిగి ఉంటుంది. అది నీటి పైపొరల మేత. మృగాలకు నోరు కిందికి, అది అడుగు బురదలో వెతుక్కుంటుంది. రవ్వ నడిమి నీళ్లది. ముగ్గురు అన్నదమ్ములు ఒకే ఇంట్లో మూడు అంతస్తుల్లో కాపురం ఉన్నట్టు. కింద వాటాలో తలుపు కొడుతూ, మీదివాడు పలకడం లేదని నేను అలిగాను.

ఇంకో మాట, మరిచిపోకముందే. మన చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘాలది. చేపపిల్లలు పోసి, కాపు కాసి, వల వేసి బతికేది వాళ్లు. గాలం భుజాన వేసుకునే ముందు అక్కడివాళ్లను ఒక మాట అడిగి కూర్చోవడం మర్యాద. అడిగితే వెయ్యొద్దన్న చోటూ చెప్తారు, చేప తిరిగే చోటూ చెప్తారు.

పదిహేనో రోజున నాకు భాగ్యం కళ్లపడింది. తుంగ పక్కన నీళ్ల మీద కారప్పొడి చల్లినట్టు ఎర్రగా ఒక మచ్చ. మచ్చ కదులుతోంది! దగ్గరగా చూస్తే వందల కొద్దీ కొర్రమట్ట పిల్లలు. కిందనే మూరెడు తల్లి నల్లగా మెరిసింది. నా చేతిలో ఎర్ర, అదే వానపాము, గుచ్చిన గాలం ఉంది. ఆ గుంపు మధ్యలో వేస్తే తల్లి దూకి పట్టుకుంటుందని నాకూ తెలుసు. పదిహేను రోజుల అవమానం ఒక్క దెబ్బతో తీరిపోయేది.

ఆ రోజు వెంట వచ్చిన అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "గది ఆకలితోని కరువది తమ్మీ, కోపంతోని కరుస్తది."

కొర్రమట్ట జంట ఇద్దరూ కలిసి పిల్లల్ని కాపాడుకుంటాయి. ఎర వాటి కంటికి మేత కాదు, పిల్లల మీదికొచ్చిన దొంగ. తల్లిని లాగేస్తే ఆ ఎర్ర మచ్చను జెల్లలు, జిలేబీలు పొద్దుగూకేలోపు ఊడ్చేస్తాయి. తెలంగాణ వచ్చాక 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా చేసుకున్నాం. గాలి పీల్చే అర కూడా తలలో పెట్టుకున్న మొండి ప్రాణి అది. ఎండకు నీళ్లు చెడినా పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి పోతుంది. అంత గట్టిది కూడా పిల్లల దగ్గర మాత్రం దొరికిపోతుంది. దారం చుట్టేశాను.

ఆ రాత్రి అట్లాంటా దగ్గరున్న అన్న కొడుకు వీడియోలో కనిపించాడు. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు మొక్కి, వీసా వచ్చాక 108 తిరిగి వెళ్లిన పిల్లవాడు. ఫోను గోడ మీద నిలబెట్టి రెండు ఇళ్లవాళ్లం మాట్లాడాం. నా గోడు విని పకపకా నవ్వాడు.

"మాకూ జూన్ వస్తే ఇదే తిప్పలు బాబాయ్. లేక్ లానియర్‌లో బాస్ అసలు ముట్టదు."

"బాసంటే మీ ఆఫీసులుండేటోడా?" అంది వదిన.

"చేప పేరే అమ్మా!"

చటాహూచీ నది మీద 1950లలో బ్యూఫోర్డ్ డ్యామ్ కడితే ఏర్పడిన సుమారు 38,000 ఎకరాల నీళ్లవి. అక్కడి బాస్ వసంతంలో గుడ్లు పెడుతుంది. మగ చేప గూడు కాపలా కాస్తుంది. ఆ పని అయ్యేసరికి అలిసిపోయి, ఎండలు మొదలవగానే ఒడ్డు వదిలి లోతులో మునిగిన కొమ్మల దగ్గరికి చేరుతుంది. పిల్లవాడు లైసెన్సు తీసుకొని, తెల్లవారే లేచి, రబ్బరుతో చేసిన ఎర్రను అడుగున నెమ్మదిగా పాకిస్తాడట.

"రబ్బరు ఎర్రనా!" వదిన ముక్కున వేలేసుకుంది. "గా దేశం చేపలకు కల్తీ తెలుస్తలేదా?"

అన్న మాత్రం కొడుకు చెప్పిందంతా విని తల ఊపాడు. "గాడనన్న, ఈడనన్న చేప ముచ్చట ఒక్కటే. పిల్లల పని, ఎండ పని. మన ఎర దాని లెక్కలనే లేదు." మన బొచ్చె, రవ్వలది ఇంకా ముందున్న పని. అవి ఇప్పుడు కడుపులో గుడ్లు పెంచుకుంటూ వానల కోసం ఎదురుచూస్తున్నాయి. నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు, కొత్త వరదకు ఎదురెక్కాలి. మృగశిర నాడు మనం చేపల కోసం మార్కెట్లకు ఎగబడే రోజులకు అవి నది కోసం కాచుకొని ఉంటాయి.

ఇరవయ్యో రోజు సాయంత్రం గాలి తగిలే ఒడ్డున, పాయ వైపు లోతున, గోళీకాయంత ఎరతో కూర్చున్నాను. రెండు సార్లు బెండు మునిగింది. ఒకటి తప్పించుకుంది, ఇంకొకటి జానెడు రవ్వ పిల్ల, మళ్లీ నీళ్లలోనే వదిలేశాను. లేచి నడుం విరుచుకుంటే తలకు కొమ్మ తగిలింది. ఈ ఇరవై రోజులూ నేను పక్కనుంచే వచ్చిపోతున్న చింతచెట్టు. వచ్చిన మొదటి రోజు మోడులా ఉండేది. నేను బెండు వంకే చూస్తూ కూర్చున్న ఈ రోజుల్లో లేత ఎరుపు, లేత ఆకుపచ్చ కలిసి నెత్తి మీద చిగురు కమ్ముకుంది. చేప సంచి నిండా దూసుకున్నాను.

మరునాడు గోడ మీద గిన్నె పెట్టాను, చింతచిగురు కుప్పగా నింపి.

వదిన గిన్నె వంక, నా వంక చూసింది. "గండిపేట చేప ఏది తమ్మీ?"

"గండిపేటదే వదినా. ఒడ్డు మీద మొలిచింది."

వదిన ఏమీ అనలేదు. గిన్నె లోపలికి తీసుకుపోయింది. మధ్యాహ్నానికి గోడవతల నుంచి ఎండురొయ్యలు వేగుతున్న వాసన, ఆ వెనుకే చిగురు పులుపు. ఒంటిగంటకు అదే గిన్నె, మూత పెట్టి, వేడిగా గోడెక్కింది.

ఇప్పుడు మళ్లీ మా గూట్లో బోర్లించి ఉంది.